పోపుల డబ్బాలో దాగిన సంగతులు

(సంఘ వార్షిక సభలో ఒక విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. షుగర్ గురించి, బీపీ గురించి డాక్టర్లు ఏటేటా చెబుతూనే వున్నారు, మనం ఏటేటా వింటూనే వున్నాం, ఆ వెంటనే వెళ్లి డబుల్ కా మీఠా రెండోసారి వడ్డించుకుంటూనే వున్నాం. కనుక నేను ఆ జోలికి పోను. మన వంటింట్లో పోపుల డబ్బా వున్నది గదా, దాంట్లోని సంగతులు చెబుతాను. వంట గురించి నీకేం తెలుసని మా ఇంటావిడ ఇప్పటికే అడిగింది. వంట తెలియదు గాని, ఏ వస్తువు ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలన్న పిచ్చి మాత్రం నాకు చిన్ననాటి నుంచీ వున్నది.

ఈ పిచ్చి ఒకసారి పనికివచ్చింది. అది ముందు చెబుతాను.

మా చెల్లెలి మనుమడు ఒకడున్నాడు. వాడికి నాలుగైదేళ్లప్పుడు ఏం తిన్నా ఒంటబట్టేది కాదు. కడుపు ఉబ్బరం, విరేచనాలు, కాళ్లు చేతులు పుల్లల్లాగా. తావీజులు కట్టారు, నులిపురుగుల మందులు పోశారు. చివరికి హైదరాబాదులో పిల్లల డాక్టరు రక్తపరీక్ష చేయించి, లోపల గొట్టం వేసి చూసి, సీలియాక్ అన్నాడు. గోధుమలోనూ బార్లీలోనూ గ్లూటెన్ అనే మాంసకృత్తు వుంటుంది. అది ఈ పిల్లల పేగు లోపలి పొరను పాడుచేస్తుంది. మందు అంటూ లేదు. జీవితాంతం గోధుమ ముట్టకుండా వుండడమే మందు. మన ఇళ్లల్లో ఇది ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. రొట్టె లేదు, సేమియా లేదు, బిస్కెట్టు లేదు, హలీం లేదు. అయినా మా చెల్లెలు పట్టుదల మనిషి. ఇంట్లో అందరూ జొన్నరొట్టె, అన్నం మీదికి వచ్చారు. మూడు నెలలు గడిచినా పిల్లవాడు సగమే కోలుకున్నాడు. కోడలు దొంగచాటుగా ఏదో పెడుతున్నదని అత్తకు అనుమానం, పక్కింటివాళ్లు పెడుతున్నారని కోడలికి అనుమానం. ఇల్లు రెండయ్యే దాకా వచ్చింది.

నేను ఒకనాడు వెళ్లినప్పుడు, “భాయీ, నువ్వే చూడు, గోధుమ గింజ ఇంట్లో వుంటే నా మీద ఒట్టు” అని చెల్లెలు ఏడ్చింది. సరే చూద్దామని వంటింటి డబ్బాలన్నీ బయట పెట్టించి, కళ్లద్దాలు పెట్టుకొని ఒక్కొక్కటీ చదవడం మొదలుపెట్టాను. ఇంగువ డబ్బా వచ్చింది. సన్నని అక్షరాల్లో ఏమున్నదయ్యా అంటే గోధుమ పిండి, తుమ్మ జాతి బంక, ఆ తరువాత ఇంగువ. పిల్లవాడికి కడుపుబ్బరం గదా, తగ్గుతుందని వాళ్లమ్మ రోజూ మజ్జిగలో ఒక చిటికె, పప్పులో ఒక చిటికె ఎక్కువే వేస్తున్నది. మందనుకొని వేసిందే జబ్బును నిలబెట్టింది!

ఇది ఏ ఒక్క కంపెనీ మోసమూ కాదు. బజారులో పొడిగా దొరికేది కూడిక ఇంగువ, దీన్ని ఉత్తరాదివాళ్లు బంధానీ హింగ్ అంటారు. పచ్చి ఇంగువ ఎంత ఘాటైనదంటే దాన్ని నేరుగా పోపులో వేస్తే ఆ కూర నోట పెట్టలేం. అందుకని పిండితోనూ బంకతోనూ కలిపి పలుచన చేస్తారు. చట్టం కూడా దీన్ని ఒప్పుకున్నది, తినదగిన పిండో గంజిపొడో కలపవచ్చునన్నది. కొందరు గోధుమ పిండి వాడతారు, కొందరు బియ్యప్పిండి. చాలామందికి ఈ తేడా లెక్కలోది కాదు. ఆ పిల్లవాడికి మాత్రం అదే పెద్ద లెక్క. 2020 నాటి లేబుల్ నిబంధనల ప్రకారం గ్లూటెన్ వున్న ధాన్యం ఏది కలిపినా ఆ సంగతి వేరుగా కనబడేటట్టు రాయాలి. గ్లూటెన్ లేదు అని రాసుకోవాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించరాదు. బియ్యప్పిండి ఇంగువ తెప్పించి, మిగతా డబ్బాలు కూడా సరిచూసిన తరువాత పిల్లవాడు తేరుకున్నాడు. ఇవాళ ఈ సభలోనే వున్నాడు, పేరు చెబితే సిగ్గుపడతాడు.

అసలు ఆ ఇంగువ ఎక్కడిది? మన దేశమంతా తింటాం, సాంబారులో తింటాం, మామిడికాయ పచ్చడిలో తింటాం, కాని తరతరాలుగా తిన్నదంతా పరాయి దేశపు సరుకే. అఫ్ఘానిస్తాన్, ఇరాన్, ఉజ్బెకిస్తాన్ కొండల్లో ఫెరూలా అనే మొక్క పెరుగుతుంది, చూడడానికి పెద్ద సోపు మొక్కలాగా వుంటుంది. నాలుగైదేళ్లు వచ్చాక దాని లావుపాటి వేరును మట్టి తీసి గీరతారు. పాలు కారతాయి, గడ్డకడతాయి, గోకి తీస్తారు. మళ్లీ గీరతారు. ఆ గడ్డే ఇంగువ. ఉల్లి, వెల్లుల్లి వాసనకు కారణమైన గంధకపు సంబంధ పదార్థాలే దీంట్లోనూ వున్నాయి. ఉల్లి ముట్టనివాళ్లకు ఇంగువ అంత ప్రీతి కావడానికి కారణం ఇదే. 2020 నాటి లెక్క ప్రకారం ఏడాదికి సుమారు 1,200 టన్నులు దిగుమతి, దాదాపు 600 కోట్ల రూపాయలు. 2020 అక్టోబరు 15న హిమాచల్ ప్రదేశ్‌లో లాహౌల్ లోయలోని క్వారింగ్ అనే గ్రామంలో పాలంపూర్ శాస్త్రవేత్తలు మన దేశపు మొదటి ఇంగువ మొక్కను రైతు పొలంలో నాటారు. అంటే మన పోపు ఇన్నాళ్లూ కాబూలువాలా మూట మీద ఆధారపడి బతికిందన్నమాట.

ఇక మన దస్తర్‌ఖాన్ మీదికి వద్దాం. పాయాకో, నిహారీకో, పెళ్లి బిర్యానీకో పోట్లీ మసాలా కడతారు గదా. తెల్లని మల్‌మల్ గుడ్డలో మూట కట్టి దేగ్‌లో వేసి, వడ్డించే ముందు తీసి పారేస్తారు. పారేసేదాన్ని ఎవరు విప్పి చూస్తారు? నేను బేగంబజారులో కొన్నది ఇంటికి తెచ్చి, పాత పేపరు మీద పోసి ఏరాను. మా మనుమరాలు, “దాదాజాన్, ఇది మసాలానా, చెత్తనా?” అన్నది. ఆ పిల్ల తప్పు లేదు. ఎండిన వేళ్లు, గడ్డి పోచలు, గులాబీ రేకులు, చందనపు చెక్క ముక్కలు, నలుపూ బూడిదరంగూ కలిసిన పెచ్చులు.

ఆ పెచ్చులే పత్తర్ కా ఫూల్, తెలుగులో రాతి పువ్వు. నేను ఇరవై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పాను, అది పువ్వు కాదని తెలిసినవాణ్ణి, అయినా మా ఇంటి మూటలో వున్నది అదేనని రిటైరయ్యాక గాని తెలియలేదు! అది లైకెన్. శిలీంధ్రం ఒకటి, పచ్చని శైవలం ఒకటి, రెండు వేరువేరు జీవులు ఒకే కాపురం పెట్టుకుంటే లైకెన్. శిలీంధ్రం ఇల్లు కట్టి తేమ పట్టి వుంచుతుంది, శైవలం ఎండలో అన్నం వండుతుంది. చెట్ల బెరడు మీద, బండల మీద ఎంతో నెమ్మదిగా పాకుతుంది. హిమాలయ ప్రాంతపు కొండల నుంచీ దక్షిణాది కనుమల నుంచీ ఏరి తెస్తారు. పచ్చిగా వాసన చూడండి, ఏమీ వుండదు, పాత అట్టముక్కలాగా వుంటుంది. వేడి నూనె తగిలితేనే ఆ మట్టివాసన, పొగవాసన లేస్తుంది. గాలి మురికైన చోట ఇట్లాంటి లైకెన్లు బతకవు కనుక, గాలి శుభ్రత తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు వీటినే చూస్తారు. మన తాండూరు నాపరాయి మీద ఇది మొలవదా అని నన్నొక మిత్రుడు అడిగాడు. పాలిషింగ్ యూనిట్ల దుమ్ములో మనుషులే దగ్గుతుంటే లైకెన్ ఏం మొలుస్తుంది!

పాన్ కీ జడ్ అని ఇంకొకటి వున్నది. పేరు చూస్తే తమలపాకు తీగ వేరు. కాని యునానీ దుకాణాలలో ఆ పేరు చెప్పి ఇచ్చేది చాలామట్టుకు ఖూలంజాన్ అనే దుంప, దీనినే తెలుగులో దుంపరాష్ట్రకం అంటారు. అల్లం జాతిది, తమలపాకుతో చుట్టరికమే లేదు. ఖస్ అంటే వట్టివేరు, గడ్డి వేరు. ఎండాకాలం కిటికీలకు తడిపి కట్టిన తడకలూ అదే, మూటలోదీ అదే, షర్బత్ సీసాలోదీ అదే. వేరు గోధుమరంగు, షర్బత్తేమో చిలకపచ్చ. ఆ పచ్చదనం రంగు డబ్బాలో నుంచి వచ్చినదని వేరుగా చెప్పాలా?

బిర్యానీ మీద చల్లే కేవడా మన మొగలి పువ్వు. ఆ పొదల్లో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు, వాసన మగ చెట్టు పువ్వుకే. ఒడిశాలోని గంజాం జిల్లా దీనికి ప్రసిద్ధి, అక్కడి కేవడాకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వానాకాలంలో తెల్లవారకముందే పూలు కోసి, రాగి పాత్రలో నీళ్లు పోసి ఉడికించి, ఆవిరిని చల్లార్చి పట్టుకుంటారు. ఆ రాగి పాత్రను కూడా దేగ్ అనే అంటారు. ఆ దేగ్‌లో పుట్టిన వాసన ఈ దేగ్‌లోకి వస్తుంది! అయితే చవక సీసాల్లో వున్నది పువ్వు చూడని కేవడా. దాని ముఖ్య వాసనద్రవ్యాన్ని కర్మాగారంలోనే తయారుచేసి నీళ్లలో కలుపుతారు. ధర చూస్తేనే తెలిసిపోతుంది.

మసాలాలో మరాఠీ మొగ్గ వేస్తారు, అది లవంగానికి అన్నయ్య అనుకుంటారు. కాదు, బూరుగు జాతి చెట్టు మొగ్గ. పరుపులో దూది ఇచ్చే చెట్టు కూరలో రుచి కూడా ఇచ్చింది.

ఫ్రూట్ చాట్ మీద చల్లే నల్ల ఉప్పు గనిలో నల్లగా దొరుకుతుందని చాలామంది నమ్మకం. ఉప్పురాళ్లను కుండలో పెట్టి, కరక్కాయ వంటి కాయలు, బొగ్గు వేసి, కొలిమిలో గంటల తరబడి కాలుస్తారు. ఆ కాల్పులో పుట్టిన గంధకపు పదార్థాలదే ఆ కుళ్లిన గుడ్డు వాసన. ముక్కు మూసుకోవలసిన వాసనను నాలుక ఎందుకు మెచ్చుకుంటుందో అల్లాకే తెలియాలి.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది నిమ్మ ఉప్పు. పేరులోనే నిమ్మ వున్నది. 1784లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు షీలే నిమ్మరసంలో నుంచే దీన్ని మొదట గడ్డకట్టించాడు, చాలాకాలం ఇటలీ నిమ్మతోటలే ప్రపంచానికి ఆధారం. 1917లో కర్రీ అనే అమెరికన్ (మన కూర కాదు, మనిషి పేరే) ఒక నల్ల బూజుకు చక్కెర నీళ్లు పోస్తే అది పుల్లని సిట్రిక్ ఆమ్లం ధారాళంగా ఇస్తుందని కనిపెట్టాడు. రెండేళ్లలో అమెరికాలో ఫ్యాక్టరీ లేచింది. ఇవాళ దుకాణంలో కొనే నిమ్మ ఉప్పుకు నిమ్మకాయ ముఖమైనా తెలియదు. ఆ బూజు ఎట్లా వుంటుందో చూడాలా? నిలవ వున్న ఉల్లిగడ్డ పొట్టు మీద నల్లని పొడి అంటుకొని వుంటుంది చూడండి, ఆ జాతిదే. భయపడకండి, ఆమ్లాన్ని వేరుచేసి శుద్ధిచేశాకే అమ్ముతారు. చైనీస్ బండి మీద వేసే టేస్టింగ్ సాల్ట్ కూడా ఇటువంటిదే. 1908లో టోక్యో ప్రొఫెసరు ఇకెడా సముద్రపు పాచి రసంలో నుంచి ఆ రుచి పట్టుకున్నాడు, ఇప్పుడు చెరకు మడ్డిని గాని గంజిని గాని సూక్ష్మజీవుల చేత పులియబెట్టి చేస్తున్నారు.

ఇప్పుడు వెనిలా. దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలుస్తాను, ఎందుకంటే ఇక్కడ ఒకరి కడుపు మీద దెబ్బ పడింది.

మన ప్రాంతంలోనే ఒక కుర్రవాడు అప్పు చేసి బేకరీ పెట్టుకున్నాడు. ఈద్‌కు వారం ముందు ఫోన్లలో ఒక కబురు తిరిగింది. వెనిలా వాసన బీవర్ అనే జంతువు తోక దగ్గరి గ్రంథి రసమట, కేకులన్నీ హరామట. వచ్చిన ఆర్డర్లు వచ్చినట్టే వెనక్కి పోయాయి. అబ్బాయి ఎసెన్స్ సీసా జేబులో వేసుకొని నా దగ్గరికి వచ్చాడు. “మాస్టారూ, మీరు చదివి చెప్పండి. నేను చెప్తే ఎవరూ వింటలేరు” అన్నాడు.

కబురు పూర్తిగా అబద్ధం కాదు, అదే దాంట్లోని విషం. బీవర్ అనే జంతువు చలి దేశాల్లో నదులకు కట్టలు కట్టుకొని బతుకుతుంది. దాని గ్రంథి రసాన్ని ఒకప్పుడు అత్తరుల్లోనూ, అతి కొద్దిగా తినుబండారాల్లోనూ వాడిన మాట నిజం. కాని ఒక్కొక్క జంతువును పట్టి తీయవలసిన ఆ రసం ఎంత అరుదు, ఎంత ఖరీదు! పది రూపాయల క్రీమ్ బన్నులో దాన్ని పోసేవాడు వుంటే వాడు వ్యాపారి కాదు, నవాబు.

నిజమైన వెనిలా ఒక తీగ కాయ. మెక్సికో దేశానిది. వేరే దేశాల్లో నాటితే పూసేది గాని కాసేది కాదు. 1841లో రీయూనియన్ ద్వీపంలో ఎడ్మండ్ అనే పన్నెండేళ్ల బానిస పిల్లవాడు సన్నని పుల్లతో, బొటనవేలితో పువ్వులో పుప్పొడి అంటించే ఉపాయం కనిపెట్టాడు. ఇవాళ మడగాస్కర్‌లోనూ చేసేది అదే పని, ఒక్కొక్క పువ్వూ చేత్తో. ఆ ఉపాయంతో తోటల యజమానులు కోటీశ్వరులయ్యారు. ఎడ్మండ్‌కు 1848లో విడుదలైతే దొరికింది గాని, 1880లో బీదవాడుగానే చనిపోయాడు.

కాయ అంత ఖరీదు కనుక 1874లో జర్మన్ శాస్త్రజ్ఞులు దేవదారు జాతి చెట్టు రసంలో నుంచి ఆ వాసనకు మూలమైన వెనిలిన్‌ను తయారుచేశారు. తరువాత లవంగనూనె నుంచి చేశారు, కాగితపు మిల్లులో కర్రగుజ్జు వండగా మిగిలిన మురికి నీళ్ల నుంచి చేశారు. ఇప్పుడు ఎక్కువభాగం పెట్రోలియం నుంచి వచ్చే రసాయనాలతో చేస్తున్నారు. ప్రపంచంలో వెనిలా వాసన అని అమ్ముడయ్యేదాంట్లో నూటికి ఒక పాలు కూడా కాయ నుంచి రాదు. ఆ అబ్బాయి సీసా మీద కూడా వెనిలిన్, ప్రొపైలీన్ గ్లైకాల్, నీరు, రంగు అని వున్నది. జంతువూ లేదు, కాయా లేదు.

జుహర్ నమాజు తరువాత ఆ సీసా పట్టుకొని నిలబడి నలుగురికీ చదివి వినిపించాను. కొందరు అప్పుడే వెళ్లి కేకు చెప్పారు. కొందరు “ఏమో మాస్టర్ సాబ్, అనుమానం ఎందుకు” అని ఊరుకున్నారు. ఆ ఈద్ నష్టం ఆ అబ్బాయికి పూడలేదు. కబురు పంపినవాళ్లలో ఒక్కరూ రెండో కబురు పంపలేదు.

అనుమానించవలసిన చోట మనం అనుమానించకపోవడం ఇంకొక విచిత్రం. ఎసెన్సులు కొన్నిటిలో వాసనను కరిగించడానికి గ్లైకాల్ బదులు ఆల్కహాలు వాడతారు. అమెరికాలో అసలైన వెనిలా రసం అనిపించుకోవాలంటే 35 శాతం ఆల్కహాలు వుండి తీరాలని నిబంధన. మన డబ్బాల మీది పచ్చ చుక్క పాలు, తేనె వంటివి తప్ప జంతు సంబంధమైనది లేదని మాత్రమే చెబుతుంది, ఆల్కహాలు సంగతి చెప్పదు. చికెన్ రుచి అని రాసిన చిప్స్ మీద కూడా పచ్చ చుక్క వుండవచ్చు, ఆ రుచికి కోడి అవసరం లేదు, మాంసకృత్తుల ముక్కలనూ చక్కెరనూ కలిపి వేడిచేస్తే చాలు. ఆ పనికి వాడే ఎల్-సిస్టీన్ అనే పదార్థాన్ని బాతు ఈకల నుంచి, వెంట్రుకల నుంచి తీసేవారు, ఇప్పటికీ తీస్తున్నారు, కొందరు సూక్ష్మజీవుల చేత కూడా చేయిస్తున్నారు. దేంట్లో ఎంతవరకు చెల్లుతుందన్న తీర్పు ఉలమాలు చెప్పవలసినది, నేను ఆ గద్దె ఎక్కను. సీసాలో ఏమున్నదో చదివి చెప్పడం వరకే నా పని. అది కూడా పూర్తిగా కుదరదు. వాసనద్రవ్యం కలిపామనీ, అది సహజమో కృత్రిమమో ననీ రాయాలి, కృత్రిమమైతే దాని వాడుక పేరు కూడా రాయాలి గాని, సహజమైతే ఆ మిశ్రమంలోని ముప్ఫై నలభై రసాయనాల పేర్లు రాయనక్కరలేదని చట్టం వెసులుబాటు ఇచ్చింది. కంపెనీకి ఉత్తరం రాసి అడగవచ్చు. నేను మూడు రాశాను, ఒకదానికి జవాబు వచ్చింది.

కార్యవర్గానికి నాదొక మనవి. సంఘం గ్రంథాలయంలో ఒక బల్ల మీద భూతద్దం పెట్టించండి. శుక్రవారం సాయంత్రాలు నేను కూర్చుంటాను. అనుమానమున్న డబ్బా ఏదైనా తెండి, ఖాళీదైనా ఫరవాలేదు, ముఖ్యంగా ఇంట్లో గోధుమ పడని పిల్లలో, ఏదన్నా తింటే ఒళ్లు దద్దుర్లు లేచే పిల్లలో వున్నవాళ్లు. కలిసి చదువుదాం. తెలుగులో రాసుకుందాం.

భోజనాల వాసన వస్తున్నది కనుక ముగిస్తాను. ఈ బల్ల మీద రాతి పువ్వు, వట్టివేరు, ఖూలంజాన్, మరాఠీ మొగ్గ, ఒక చిన్న పచ్చి ఇంగువ గడ్డ పెట్టాను. పిల్లలు వచ్చి వాసన చూడవచ్చు, ఇంగువ మాత్రం దూరం నుంచి. వట్టివేరు కట్ట మా ఇంటావిడకు చెప్పకుండా తెచ్చినది, దయచేసి అది నాకు తిరిగి ఇచ్చేయండి. ఖుదా హాఫిజ్.